గ్లోబల్ క్లాస్‌రూమ్ కాల్‌ల మా పిల్లలు దేని గురించి చెప్పాలె, అజంతానా రామప్పనా?

ప్రాణహిత_టీచర్ (సిరోంచ తాలూకా, గడ్చిరోలి)

అందరికి నమస్తే. నేను సిరోంచ దగ్గర ఒక జిల్లా పరిషత్ బడిల టీచర్ని, ఏడు ఎనిమిది తరగతులకు సోషల్ చెప్త. బడి మరాఠీ మీడియం, పిల్లల ఇండ్లల్ల తెలుగు, కొందరి ఇండ్లల్ల గోండి. నవంబర్ మూడో వారంల ఒక గ్లోబల్ క్లాస్‌రూమ్ ఈవెంట్ ఉంది, ప్రపంచ వారసత్వ స్థలాల మీద. రెండు దేశాల నుంచి రెండు క్లాసులను జోడీ కడ్తరు, వీడియో కాల్‌ల ఒకళ్ళు తమ దిక్కు స్థలం గురించి చెప్పాలె, అవతలోళ్ళు ప్రశ్నలు అడగాలె, తర్వాత వాళ్ళ వంతు. మాకు ఇంగ్లాండ్‌ల డోర్సెట్ సముద్రం ఒడ్డున ఉన్న స్కూల్ జోడీ వచ్చింది. వాళ్ళు జురాసిక్ కోస్ట్ గురించి చెప్తరంట.

ఇగ మా దగ్గర పంచాయితీ ఏందంటే, హెచ్‌ఎం సారు అజంతా పెట్టుమంటున్నరు, మనది మహారాష్ట్ర బడి, అజంతా మీద పీపీటీలు రెడీగ దొరుకుతయ్ అని. నా మనసు రామప్ప మీద ఉంది. వంతెన కట్టినంక గోదావరి దాటుడు ఎంతసేపు, శివరాత్రికి కాళేశ్వరం పోని ఇల్లు లేదు మా దగ్గర, భూపాలపల్లి ములుగు దిక్కు చుట్టాలున్నోళ్ళు పిల్లలను తీస్కొని రామప్ప గూడ చూసొస్తరు. అజంతా చూసిన పిల్ల ఒక్కతి గూడ లేదు నా క్లాస్‌ల, అది మాకు చానా దూరం. కానీ రామప్ప తెలంగాణది, రేపు ఎవరన్న "మీ రాష్ట్రంది ఎందుకు పెట్టలేదు" అంటే ఏం చెప్పాలె?

ఇంకోటి, ఇది నాకు అసలు భయం. వేరే బడిల ఇసొంటి కాల్ చూసిన. ఒక అమ్మాయి కాయితం పట్టుకొని ఇంగ్లీష్‌ల గడగడ చదివింది, మిగిలిన క్లాస్ అంత వెనక చేతులు కట్టుకొని నిలబడ్డరు, అవతలి పిల్లలు ఏదో అడిగితే టీచరే జవాబు చెప్పింది. అట్ల కావద్దు నాకు. పిల్లలే చెయ్యాలె, పిల్లలే అడగాలె. ఎవరన్న ఇసొంటిది చేసినోళ్ళు ఉంటే చెప్పుండ్రి, నెట్‌వర్క్ సంగతి గూడ చెప్పుండ్రి, మా దగ్గర ఒక్కోసారి నది అవతలి టవరే దిక్కు.

పర్లాకిమిడి_మాస్టారు (గజపతి జిల్లా)

నమస్కారం అమ్మా. మాది ఒడియా మీడియం బడి, పిల్లల్లో చాలామంది ఇంటి దగ్గర తెలుగే మాట్లాడతారు, కొందరు సవర. మీ పరిస్థితి లాంటిదే. మేం ఆమధ్య ఇలాంటి కాల్‌కి కోణార్క్ పెట్టాం, అందుకని నాకు తెలిసింది రాస్తాను, కొంచెం పొడుగవుతాది ఏమనుకోకండి.

ముందు రాష్ట్రం సంగతి. ప్రపంచ వారసత్వ ఒప్పందం 1972 నవంబర్ 16న పారిస్‌లో కుదిరింది, మన దేశం 1977లో చేరింది. ఆ ఒప్పందం మూల ఉద్దేశమే, ఒక చోట ఉన్న గొప్ప కట్టడం గానీ అడవి గానీ ఆ ఊరివాళ్ళదే కాదు మనుషులందరిదీ, అందరూ కలిసి కాపాడాలి అని. మరి అలాంటప్పుడు నదికి అవతల ఉన్న గుడి గురించి ఇవతల బడి పిల్లలు చెప్పకూడదని ఎవరంటారండి? మీ హెచ్‌ఎం గారికి ఈ ముక్కే చెప్పండి. మా బడిలో కూడా మొదట "కోణార్క్ పూరీ జిల్లాది, మనకి దూరం" అన్నారు. అప్పుడు పిల్లల్ని కూర్చోబెట్టి ముఖలింగం గురించి అడిగాను. వంశధార ఒడ్డున, శ్రీకాకుళం జిల్లాలో ఉంది, మా పిల్లలందరూ చూసిన గుడే. తూర్పు గంగరాజుల పాత రాజధాని కళింగనగరం అక్కడే ఉండేదని చరిత్రకారులు చెప్తారు, తరవాత కటకం వైపు వెళ్ళిపోయారు. ఆ వంశంలో రాజే 13వ శతాబ్దంలో కోణార్క్ కట్టించిన మొదటి నరసింహదేవుడు. ఈ మాట తెలిసాక పిల్లల మొహాలే మారిపోయాయి, మన పక్కూరి రాజులే కట్టారు అనుకున్నారు, అక్కడి నుంచి ఇంక నేను తొయ్యక్కర్లేకపోయింది.

రెండోది, పీపీటీ జోలికి వెళ్ళకండి. మేం చేసిందేటంటే, కోణార్క్ రథానికి 24 చక్రాలు కదా, కొన్ని చక్రాల అడ్డుకొలత 3 మీటర్లు ఉంటుంది. ఆ మాట కాయితం మీద చదివితే ఎవరికీ ఏమీ అనిపించదు. బడి ముందు మట్టిలో మేకు దిగ్గొట్టి, మీటరున్నర తాడు కట్టి, చివర సుద్దముక్క పట్టుకుని గుండ్రంగా తిరిగారు పిల్లలు. ఆ గీత లోపల క్లాసులో చిన్నపిల్లలంతా పట్టేసారు. చక్రంలో ఆకులు, అదే పుల్లలు, పెద్దవి 8, చిన్నవి 8 గీసి ఒక్కో ఆకు మీద ఒక్కో పిల్ల నిలబడింది, ఫోన్ మేడ మీంచి కిందకి చూపించాం. అవతల స్కూలు పిల్లలు లేచి నిలబడి చూసారండి, అది నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉంది.

మూడోది, జేబులో ఉన్న నోట్లు. కొత్త 10 రూపాయల నోటు వెనక కోణార్క్, 20 మీద ఎల్లోరా, 50 మీద హంపి రథం, 100 మీద గుజరాత్‌లోని రాణీకీ వావ్, 200 మీద సాంచి, 500 మీద ఎర్రకోట. అన్నీ ప్రపంచ వారసత్వ జాబితాలో ఉన్నవే. పిల్లలు ఒక్కో నోటు కెమెరాకి చూపించి "ఇది ఎక్కడుందో కనుక్కోండి" అని ఆట పెట్టారు, అవును కాదు అన్న జవాబులే చెప్పాలి. మాటలు రానివాళ్ళు కూడా ఆడగలరు ఈ ఆట, మొదటి ఐదు నిమిషాల బెరుకు పోడానికి ఇంతకంటే మంచిది నాకు కనపళ్ళేదు.

వాళ్ళేం అడిగారో కూడా చెప్తాను, మీకు పనికొస్తుంది. "లోపలికి వెళ్ళొచ్చా?" అన్నది మొదటి ప్రశ్న. మా పాప ఒకర్తె జవాబు చెప్పింది, పెద్ద గోపురం ఎప్పుడో కూలిపోయింది, ముందున్న జగమోహనం అనే మండపం కూడా పడిపోకుండా 1903 ప్రాంతంలో లోపల ఇసుక నింపి మూసేసారు అని. ఇంక అక్కడి నుంచి ప్రశ్నల మీద ప్రశ్నలు, ఎంత ఇసుక, ఎవరు నింపారు, తీస్తే ఏమవుతుంది అని. కట్టిన రాజు పేరు ఒక్కరూ అడగలేదు. పిల్లలకి కావాల్సింది ఎలా నిలబడింది, ఎందుకు కూలింది, ఇప్పుడెవరు చూస్తున్నారు, ఇవే. మీరు కూడా ఆ వైపు నుంచి తయారు చెయ్యండి.

వాణి_యవత్మాల్

టీచర్ గారూ, అందరూ రామప్ప అంటారేమో గానీ నేను అజంతా వైపు ఒక మాట చెప్తాను. మన దేశం నుంచి మొదటిసారి 1983లో జాబితాకెక్కిన నాలుగింట్లో అజంతా ఎల్లోరా రెండూ ఉన్నాయి, మిగతావి తాజ్‌మహల్, ఆగ్రా కోట. అవతల స్కూలు ఇంగ్లాండ్ కాబట్టి వాళ్ళకి అతికే కథ కూడా ఉంది. 1819లో జాన్ స్మిత్ అనే బ్రిటిష్ ఆఫీసర్ వేటకి వెళ్ళి ఆ గుహలు చూశాడు, చూసి 10వ గుహలో తన పేరు, తేదీ గీకేశాడు. వేల ఏళ్ళ బొమ్మల పక్కన పేరు గీకడం తప్పా కాదా అని రెండు దేశాల పిల్లలు మాట్లాడుకుంటే ఎంత బావుంటుంది, మన కోటల గోడల మీద కూడా అదే కదా జరుగుతోంది. ఇంకా మహారాష్ట్రదే కావాలంటే 2025లో మరాఠా కోటలు 12 ఒకేసారి జాబితాకెక్కాయి, అందులో 11 ఇక్కడివే, ఒక్క జింజీ తమిళనాడుది. హెచ్‌ఎం గారికి ఇది నచ్చొచ్చు.

అయితే పిల్లలు కళ్ళారా చూసింది రామప్ప అంటున్నారు కాబట్టి దానిముందు నా వాదన బలహీనమే, ఒప్పుకుంటాను. చూడనిదాని గురించి ఎంత చదివినా ఎవరైనా పక్క ప్రశ్న వేస్తే పిల్ల ఆగిపోతుంది.

బల్లార్షా_రవి

అక్కా రామప్పనే పెట్టు. మా అత్తగారిల్లు ములుగు దిక్కే, చానాసార్లు పోయిన. మా మామకు ఇటుక బట్టీ ఉంది గాబట్టి నేను ఇటుక సంగతే చెప్త, ఎందుకంటే రామప్ప అనంగనే అందరు నీళ్ళల్ల తేలే ఇటుక అంటరు గని సగం సగం చెప్తరు.

గుడి మొత్తం ఆ ఇటుకలతోని కట్టలేదు. కింద ఇసుక పెట్టె పునాది, అంటే గుంతల ఇసుక నింపి దాని మీద కట్టుడు, గోడలు ఎర్ర ఇసుకరాయి, లోపలి స్తంభాలు, బయట చూర్ల కింది మదనికలు, అంటే ఆడోళ్ళ బొమ్మలు, నల్లటి గట్టి రాయి, డోలరైట్ అంటరు. తేలే ఇటుకలు పై గోపురానికే. ఎందుకంటే పైన బరువు తగ్గాలె, కింద స్తంభాల మీద పునాది మీద భారం తగ్గాలె. ఇది పిల్లలకు అర్థమైతే చాలు, కట్టినోళ్ళ తెలివి అంత అండ్లనే ఉంది. గణపతిదేవుని కాలంల, 1213ల సేనాపతి రేచర్ల రుద్రుడు కట్టిచ్చిండు, గుడికి పేరు మాత్రం శిల్పి రామప్పది అంటరు.

ఇగ చేసి చూపిచ్చుడు ఎట్లంటే. మామూలు ఇటుక తొమ్మిది ఇంచుల పొడుగు, నాలుగున్నర వెడల్పు, మూడు మందం అనుకో, అది ఇంచుమించు రెండు లీటర్ల జాగ ఆక్రమిస్తది, బరువు మూడు కిలోల దాక తూగుతది. రెండు లీటర్ల నీళ్ళు రెండు కిలోలే గద, అందుకే మునుగుతది. అంటే అదే సైజు ఇటుక రెండు కిలోల లోపు ఉంటే తేలాలె. ఈ లెక్క పిల్లలతోనే చేపియ్యి, తరాజు కిరాణా షాపుల దొరుకుతది. తర్వాత బంకమట్టిల వరి ఊక బాగ కలిపి, సగం మట్టి సగం ఊక అనుకో, సబ్బుబిళ్ళ అంత చిన్న ఇటుకలు చెయ్యమను. నీడల మంచిగ ఎండాలె, ఎండల పెడితే పగుల్తయ్. బట్టీలు అప్పటికి సురువు గావు గని దీపావళికి కుమ్మరోళ్ళు ప్రమిదలు కాలుస్తరు గద, ఆ ఆవంల ఒక మూలకు పెట్టిస్తే అయిపాయె. లోపల ఊక కాలిపోయి బూడిదైతది, దాని జాగల అన్ని సందులే మిగుల్తయ్, ఇటుక అల్కగైతది. రామప్పల వాడిన మిశ్రమం ఇదే అని చెప్పకుండ్రి, పని చేసే తీరు ఇది అని చెప్పుండ్రి. ఊక పాలు ఎక్కువ తక్కువ చేసి నాలుగైదు రకాలు చెయ్యుండ్రి, కొన్ని మునుగుతయ్ కొన్ని తేలొచ్చు, అవి గూడ కెమెరా ముందట పెట్టుండ్రి. ఒక్కటి యాదిపెట్టుకో, నీళ్ళల్ల చానాసేపు ఉంటే సందులల్లకు నీళ్ళు పోయి తేలేది గూడ మునుగుతది, కాబట్టి కాల్‌ల అప్పుడే వెయ్యాలె బకెట్ల.

గుడి కాడికి పిల్లలను తీస్కపోతే మాత్రం రాయి ముక్క ఇటుక ముక్క ఒక్కటి గూడ తేవద్దని గట్టిగ చెప్పు. నవంబర్ 19 నుంచి వారసత్వ వారం నడుస్తది, 19 నాడు పురావస్తు శాఖ కట్టడాలల్ల టికెట్ ఉండదు, 15 ఏండ్ల లోపు పిల్లలకు ఎప్పుడు గూడ లేదు.

ప్రాణహిత_టీచర్

రవీ, ఇది చదివి మా ఎనిమిదో తరగతి పిల్లలకు ఇయ్యాలనే చెప్పిన, పొద్దుగాల వరకు ఊక సంచి తెస్తం మేడం అని ముగ్గురు లేచిన్రు. మాస్టారూ, తాడుతోని చక్రం గీసుడు మస్తు నచ్చింది, మేము రామప్ప గుడి నక్షత్రం ఆకారంల ఉన్న అరుగును అట్లనే గీస్తం బడి ముందట.

ఇంక మిగిలింది వాళ్ళను మేము ఏం అడగాలె అన్నది. జురాసిక్ కోస్ట్ అంటే సముద్రం, రాళ్ళు, రాక్షసబల్లులు. సముద్రమే చూడని పిల్లలు మావాళ్ళు. ఏం అడుగుతరు?

అహేరి_జియాలజీ

మేడం, మాది అహేరి, నాగ్‌పూర్‌ల జియాలజీ చదువుతున్న. మీ పిల్లలు ఏం అడుగుతరు అంటున్నరు, నేనైతే డోర్సెట్ పిల్లలే మీ పిల్లలను అడగాల్సినయి ఎక్కువ అంట.

సిరోంచ తాలూకా పోచంపల్లి దగ్గర దొరికిన బారాపాసారస్ గుర్తుందా? మనుషులను మించిన పెద్ద కాళ్ళ డైనోసార్, జురాసిక్ కాలం మొదట్లది, ఇంచుమించు 14 మీటర్ల పొడుగు అంటరు. 1950ల చివర్ల 60ల మొదట్ల కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు వచ్చి తవ్విన్రు, దాదాపు 300 ఎముకలు, కనీసం ఆరు జంతువులయి. ఠాగూర్ శతజయంతి 1961ల పడ్డది గాబట్టి ఆయన పేరు కలిపి బారాపాసారస్ టాగోరై అని 1975ల పెట్టిన్రు. అస్థిపంజరం ఇప్పుడు కలకత్తాల ఆ సంస్థ మ్యూజియంల నిలబెట్టి ఉంది. ఆ సంస్థల ఈ రాతి చదువు మొదలుపెట్టడానికి, దాన్ని స్థాపించిన మహలనోబిస్ గారు పిలిపిచ్చిన సైంటిస్ట్ ఎవరో తెలుసా, లండన్ నుంచి వచ్చిన పామెలా రాబిన్‌సన్. ఇంగ్లాండ్ పిల్లలకు ఈ మాట మీ పిల్లలు చెప్తే ఎట్లుంటదో ఆలోచించుండ్రి.

వాళ్ళ దిక్కు కథ గూడ మీ పిల్లల ఈడుదే. లైమ్ రీజిస్ అని ఆ తీరంల ఊరు, అక్కడ మేరీ యానింగ్ అని పేదింటి పిల్ల, ఒడ్డున దొరికిన శిలాజాలు అమ్ముకొని బతికే ఇల్లు. 1811ల అన్నకు ఒక పెద్ద తలకాయ ఎముక దొరికితే, మరుసటేడు ఈ పిల్ల మిగిలిన ఒళ్ళంత తవ్విచ్చింది, పన్నెండేండ్లు అప్పటికి. అది ఇక్తియోసార్, సముద్రంల ఉండే జంతువు. ఆ తీరం 2001ల జాబితాకెక్కింది, దాదాపు 150 కిలోమీటర్లు, 18 కోట్ల ఏండ్లకు పైబడ్డ భూమి చరిత్ర అక్కడి కొండ అంచుల్ల పొరలు పొరలుగ కనపడ్తది. అలలు కొట్టి ఏటా కొంత విరిగిపడ్తది, విరిగితెనే కొత్త శిలాజాలు బయటపడ్తయి. మీ పిల్లల మొదటి ప్రశ్న ఇక్కడ్నే ఉంది చూడుండ్రి. రామప్పను విరగకుండ కాపాడాలె, వాళ్ళ తీరాన్నేమో విరగనియ్యాలె. మరి రెండు కాపాడుడేనా, ఎట్ల?

రెండో ప్రశ్న జర కష్టమైంది, కానీ అడగనియ్యుండ్రి. 2021 జులైల చైనాల ఫుజౌ నుంచి ఆన్‌లైన్‌ల ప్రపంచ వారసత్వ కమిటీ కూసుంది. 21 నాడు ఇంగ్లాండ్‌ల లివర్‌పూల్ రేవును జాబితాల నుంచి తీసేసిన్రు, ఒడ్డున కొత్త కట్టడాలతోని పాత రూపం పోయిందని. 25 నాడు రామప్పను చేర్చిన్రు. అదే మీటింగు, నాలుగు రోజుల తేడా. ఒక ఊరు పేరు పోగొట్టుకుంటే ఆడి పిల్లలకు ఎట్లనిపిస్తది, మన దిక్కు అట్ల కాకుండ ఎవరు చూసుకోవాలె. డోర్సెట్ వేరు లివర్‌పూల్ వేరు, కానీ దేశం ఒకటే గద, వాళ్ళకు చెప్పడానికి ఏదన్న ఉంటది.

వీలైతే కాల్‌కు ముందు పిల్లలను వడధం ఫాసిల్ పార్క్‌కు నడిపించుండ్రి. రాయైపోయిన చెట్టు దుంగలు ముట్టుకొని చూస్తే చాలు. సిరోంచ రాళ్ళు జాబితాల లెవ్వు, డోర్సెట్ రాళ్ళు ఉన్నయ్, ఎందుకు అని పిల్లలు తప్పకుండ అడుగుతరు. జాబితాకు 10 ప్రమాణాలు ఉంటయి, 6 సంస్కృతికి 4 ప్రకృతికి, రామప్ప 1, 3 మీద ఎక్కింది, జురాసిక్ కోస్ట్ 8 మీద. ఆ పదీ మరాఠీల రాసి గోడకు అతికించి, మన రాళ్ళు ఏ నంబర్ కిందికి రావచ్చో పిల్లలనే వాదులాడుకోనియ్యుండ్రి.

పర్లాకిమిడి_మాస్టారు

ఈ కుర్రాడు రాసింది బంగారం అమ్మా, లివర్‌పూల్ ప్రశ్న మాత్రం వదలకండి.

నెట్ గురించి అడిగారు కదా, అది చెప్పడం మిగిలిపోయింది. ఇటుక నీళ్ళలో వేసే ముక్క, అరుగు గీసే ముక్క రెండూ ముందురోజే వీడియో తీసి అవతలి టీచర్‌కి వాట్సాప్‌లో పంపేయండి, లైన్ పడిపోయినా వాళ్ళ దగ్గరుంటుంది. కాల్‌లో బొమ్మ ఆగిపోతే కెమెరా ఆపేసి మాట మాత్రం నడిపించండి. రెండు కంపెనీల సిమ్‌లు రెండు ఫోన్లలో పెట్టుకోండి, ఒకటి నది అవతల టవర్ది అయినా పర్లేదు. మైక్ ఒక్కరి చేతిలో ఉంచకండి, ప్రశ్న ఎవరిదో వాళ్ళే అడగాలి, తెలుగులో అడిగినా మరాఠీలో అడిగినా పక్కన ఇంకో పిల్ల ఇంగ్లీషులో చెప్తాది. టైం కూడా చూసుకోండి, అక్టోబర్ ఆఖరి ఆదివారం వాళ్ళు గడియారం గంట వెనక్కి తిప్పుకుంటారు, అంచేత నవంబర్లో మనకీ వాళ్ళకీ అయిదున్నర గంటల తేడా. వాళ్ళకి పొద్దున్న పదైతే మీకు మధ్యాహ్నం మూడున్నర, బడి విడిచే ముందు సరిపోతుంది.

ప్రాణహిత_టీచర్

హెచ్‌ఎం సారుకు ఒప్పందం మాట, మాస్టారు చెప్పినట్టే చెప్పిన, ఒప్పుకున్నరు. అజంతా గూడ వదలం, 20 రూపాయల నోటు మీది ఎల్లోరాతోని కలిపి ఆటల పెడ్తం, జాన్ స్మిత్ పేరు గీకిన సంగతి వాణి మేడం చెప్పింది పిల్లలతోని తప్పకుండ మాట్లాడిస్త.

ఎనిమిదో తరగతి ఇటుకలు, ఏడో తరగతి పోచంపల్లి ఎముకలు, అట్ల పంచుకున్నరు. లివర్‌పూల్ ప్రశ్న నేను అడుగుత అని ఒక పిల్ల ఇప్పటికే ముందటికొచ్చింది, ఎక్కువ మాట్లాడని పిల్ల. రవీ, సగం మట్టి సగం ఊక అంటే కొలిచేటప్పుడా తూచేటప్పుడా? ఊక అల్కగ ఉంటది గద, పిల్లలు అదే అడుగుతున్నరు, కుమ్మరి మల్ల సోమవారం ఆవం పెడ్తడంట.

బల్లార్షా_రవి

కొలిచేటప్పుడు అక్కా, డబ్బాతోని. ఒక డబ్బా మట్టి, ఒక డబ్బా ఊక. తూస్తే ఊక గుట్టంత అయితది, ఇటుక నిలవడది. శనివారం వరకు తయారు చేసి పెట్టు, తడి ఉంటే ఆవంల పటపట పగుల్తయ్.